అడ్డుపుల్ల బావ సరేనన్న మార్పు

మా బావని ఆఫీసులో అందరూ అడ్డుపుల్ల అంటారు. కంప్యూటర్‌ని నడిపే లినక్స్‌ని అందులోకి ఎక్కించే ఇన్‌స్టాలర్‌లో ఎవరు ఏ మార్పు చేసినా ముందు ఆయన చదివి సరేననాలి. ఓ పట్టాన అనేవాడు కాదు. కోడ్ రాసినవాళ్ల ప్రాణాలు తోడేసేవాడు. బావమరిదిని కదా అని నన్నూ వదల్లేదు మహానుభావుడు!

అసలు గుట్టు నాకే తెలుసు. ఆదివారం పొద్దున వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, ప్రతి మార్పునీ మామూలు మాటల్లో మా అక్కకి చదివి వినిపించేవాడు. అక్కకి కంప్యూటర్ల గురించి ఓనమాలు తెలియవు. లోపల పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "మధ్యలో కరెంటు పోతే?" అనేది. దేనికైనా అదే ప్రశ్న. బావ నవ్వేవాడు. కాసేపటికి నవ్వు ఆపి, మళ్లీ కోడ్ తెరిచేవాడు.

అక్క పోయాక బావ అన్నిటికీ సరేనంటున్నాడు. ఆఫీసులో సంబరపడ్డారు. నాకు మాత్రం ఒళ్లు మండింది, భయం కూడా వేసింది. ఈ మనిషి ఇక ఇలాగే ఉండిపోతాడా? మొన్న బూట్ ఇమేజ్ మార్పుకీ సరేననేశాడు. కంప్యూటర్ ఆన్ చేయగానే మొట్టమొదట లేచే ఫైలది. అది లేకపోతే మిషన్ వట్టి డబ్బా. రేపు ఆ మార్పు మా ఇన్‌స్టాలర్ వాడేవాళ్లందరికీ వెళ్లిపోతుందనగా, పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లాను.

"నిజం చెప్పు బావా, అసలు చదివావా?"

"చదివానురా. బాగానే ఉంది." ఆ గొంతులో ఏమీ లేదు, విసుగు కూడా.

"అయితే నాకు చదివి వినిపించు."

కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని, అలవాటు కొద్దీ వంటింటి వైపు తిరిగి కూర్చున్నాడు.

"పాత ఇమేజ్ చెరిపేస్తాం. తర్వాత కొత్తది రాస్తాం..."

ఆగిపోయాడు. వంటింట్లోకి చూస్తూ ఉండిపోయాడు. దేనికోసం ఆగాడో నాకు తెలుసు.

"మధ్యలో కరెంటు పోతే?" చివరికి తనే అన్నాడు.

"పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. మిషన్ ఇక లేవదు," అన్నాను.

ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. ఇచ్చిన సరే వెనక్కి తీసుకుని, 'ముందు కొత్తది రాసి సరిచూడండి. ఆ తర్వాతే పాతది తీయండి' అని కింద రాశాడు. ముఖం ఇంకా మొద్దుబారే ఉంది. నేను వెళ్లడానికి లేచాను.

"ఇంకో మార్పు ఉందిరా. చదవనా?" అన్నాడు, వంటింట్లోంచి చూపు తిప్పకుండానే.

లోపలికెళ్లి అక్క పీట మీద కూర్చున్నాను.

"చదువు బావా."