రెండు ఫ్లెక్సుల్లో మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని ఆమె కోడలు, మా వదిన, ఫోన్ చేసి చెప్పింది. హోసూరులో నేను పనిచేసే ఫ్యాక్టరీ ఆఫీసులో అప్పుడే మధ్యాహ్నం భోజనాలయ్యాయి. "అత్త పోయింది. జ్వరం లేచిన పురుగులకి ఆకేసి వచ్చి అరుగు మీద కూచునింది. నేను నీళ్ళు తెస్తానని లోపలికి పోయి వచ్చే లోపల ఒరిగిపోయింది" అంది. ఏడుస్తూనే, "నువ్వు వచ్చేటప్పుడు సెంటూ గింటూ పూసుకోవద్దు. ఆ వాసన పురుగులకి పడదు" అని కూడా అంది. అది అచ్చం పెద్దమ్మ మాటే.

ఆమె మా అమ్మకు అక్క. కెలమంగలం దాటి డెంకణికోట రోడ్డులో కాస్త లోపలికి పోతే వాళ్ళ ఊరు. కొడుకూ కోడలూ పొలం చూసుకుంటే, పట్టుపురుగుల షెడ్డు మాత్రం చివరిదాకా ఆమె చేతుల్లోనే ఉండేది. మేత మాని, కుబుసం విడవటానికి పురుగు పడుకునే నిద్రను మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగుకు పగలూ రాత్రీ ఒకటే ఆకలి. ఆ రోజుల్లో షెడ్డు దగ్గర ఎవరూ గొంతెత్తకూడదు. అరిస్తే పురుగు మేత మానేస్తుందని ఆమె నమ్మకం. అందుకే కోడలిని తిట్టినా, కూలీలను తిట్టినా, గవర్నమెంటును తిట్టినా గుసగుసగానే తిట్టేది. అరిచి తిట్టేవాళ్ళను చాలామందిని చూశాను. గుసగుసగా తిట్టి మనిషికి చెమటలు పట్టించింది ఆమె ఒక్కతే.

పెద్దమ్మ మీద స్మృతి వ్యాసం రాయమని అడిగిన పత్రికవాళ్ళు తడి కళ్ళతో రాస్తాననుకున్నారు కాబోలు. నాకు కన్నీళ్ళకంటే ముందు కోపం వస్తోంది. ఆ కోపం ఎందుకో చెప్పాలంటే ముందు ఫ్లెక్సుల సంగతి చెప్పాలి.

ఎలక్షన్లు అయినా, జాతర అయినా, ఎవరి బర్త్‌డే అయినా సరే, మర్నాడు పొద్దున్నే మా పెద్దమ్మ రోడ్డు మీద ఉండేది. పాత ఫ్లెక్సులు అడిగి తెచ్చుకునేది. అడిగితే ఇవ్వనివాళ్ళవి అడక్కుండానే తెచ్చేది. వాటిని షెడ్డులో రేకుల కింద అడ్డంగా లాగి కట్టేది. రేకుల వేడి కొంతైనా ఆగుతుందని. ఒక్కటి మాత్రం కచ్చితం. బొమ్మ పైకి, రేకు వైపు ఉండాలి. తెల్లటి వెనక భాగం కిందికి, పురుగుల వైపు ఉండాలి. నేనొకసారి ఎందుకని అడిగాను. "ఆ ముఖాలు నా పురుగులు ఎందుకు చూడాల? పైకుండనీ. వాళ్ళు కూడా రవ్వంత కాగనీ" అంది.

నా చిన్నప్పుడు ఆ ఊరికి పోతే వేసవి సెలవుల్లో కూడా తెల్లారుజామున దుప్పటి కప్పుకునేవాళ్ళం. ఫ్యాను ఉన్న ఇల్లు ఊర్లో ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడు మా ఆఫీసులో కడప నుంచీ, కరీంనగర్ నుంచీ వచ్చిన పిల్లలు "హోసూరు చల్లగా ఉంటుందని చెప్పి మోసం చేశారు మేడమ్" అంటారు. వాళ్ళకది తమాషా. పెద్దమ్మకు అది పంట పోయే సంగతి. మాఘం దాటితే చాలు, మధ్యాహ్నం షెడ్డులో రేకు కాలేది. కూలరు పెట్టారు. సరిగ్గా ఆ మధ్యాహ్నం వేళకే కరెంటు పోయేది. ఒక ఏడాది ఆమె మొండికేసి, కిటికీలన్నిటికీ తడి గోనెపట్టాలు కట్టి చల్లబరిచింది. గాలి ఆడక లోపలంతా చెమ్మ చేరింది. పురుగులు ఉబ్బి, చర్మం పగిలి, తెల్లటి నీరు కార్చి చచ్చాయి. వద్దని వదిన ముందే చెప్పింది. పెద్దమ్మ వినలేదు. చచ్చిన పురుగులను గుంత తీసి పూడ్చేటప్పుడు మాత్రం "నాదే తప్పు, ఎండదీ తప్పే. ఇద్దరం కలిసి చంపినాం" అంది.

ఇంతలో ఊరి బీడు మీద సోలార్ పార్కు వస్తుందన్నారు. బీడంటే గుట్ట పక్కన మేకలూ గొర్రెలూ మేసే పొరంబోకు నేల. ఊరు రెండుగా చీలింది. కావాలనే జట్టుకు పెద్ద, ప్లాట్లు అమ్మించే బ్రోకరు. భూగోళం కాగిపోతోంది, అడ్డుపడేవాళ్ళు పిల్లల భవిష్యత్తుకే శత్రువులని మైకులో చెప్పేవాడు. పార్కు వస్తే రోడ్డు వస్తుంది, రోడ్డొస్తే తన ప్లాట్ల ధర లేస్తుంది. ఆ సంగతి మాత్రం మైకులో చెప్పడు. వద్దనే జట్టుకు పెద్ద, ఇటుకబట్టీ ఓనరు. ఎండలు మా తాతల కాలంలో లేవా, ఇదంతా నేల గుంజుకునే నాటకమనేవాడు. ఆ బీడు మట్టితోనే అతని ఇటుకలు తయారవుతున్నాయి. ఈ ఇద్దరి గొడవనే మా ఆఫీసు క్యాంటీనులో ఏసీ కింద కూర్చుని, ఇంగ్లీషు మాటలు చేర్చి వాదించుకునేవాళ్ళు. ఏ జట్టువాడూ మా పెద్దమ్మ షెడ్డులో ఒక్క మధ్యాహ్నం నిలబడలేదు.

గ్రామసభ పెట్టారు. ఆఫీసర్లు వచ్చారు. నేనూ లీవు పెట్టి పోయాను. పెద్దమ్మ తమలపాకులు ఉమ్మేసి వచ్చి మైకు పట్టుకుంది. అలవాటు పోలేదు, మైకులో కూడా షెడ్డులో మాట్లాడినట్టు మెల్లగానే మాట్లాడింది.

"ఎండ ముదిరింది నిజమప్పా. కాదనేవాడు వచ్చి నా షెడ్డులో ఒక మధ్యాన్నం కూచోని చూడనీ. సూర్యుడి కరెంటు రావాల" అంది. బ్రోకరు జట్టు చప్పట్లు కొట్టింది. "అయితే మా బీడు మీద వద్దు. మేకలు యాడికి పోవాల?" అంది. ఇటుకబట్టీ జట్టు ఈలలు వేసింది. ఆ ఈలల్లోనే ఆమె ఇంకా చెబుతోంది. "ముందు నా షెడ్డు మీద పెట్టండి. ఆమైన హోసూరు ఫ్యాక్టరీల రేకుల మీద పెట్టండి. అవన్నీ అయినాక వచ్చి బీడు అడగండి, అప్పుడు చెప్తా." ఆ మాట వెనక వరసలో నిలబడిన నాకే సగం వినిపించింది. నోట్ చేసుకున్నామమ్మా అని ఆఫీసరు మైకు తీసుకున్నాడు.

ఇంటికి నడిచి వస్తూ, "ఏం పెద్దమ్మా?" అన్నాను. "కోడిని కోసుకున్నట్టు కోసుకున్నారే నా మాటని. చెరో తొడ పట్టుకుని పోయినారు" అంది. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వు రావటం లేదు.

మా వైపు చావంటే ఉండే తప్పెట్లూ టపాసులూ ఆ రోజు ఇంటి ముందు లేవు. పక్కనే షెడ్డులో పురుగులు మేస్తున్నాయి, మేత ఆపితే గూడు కట్టవు. వదిన శవం దగ్గర ఏడవటం, లేచి తలకు పోసుకుని షెడ్డులోకి పోయి ఆకు వేయటం, మళ్ళీ వచ్చి ఏడవటం. అట్లాంటి ఇంటి ముందుకు దండలతో రెండు జట్లూ వచ్చాయి. దండ వేసి ఊరుకుంటే సరిపోయేది. "వడదెబ్బే. ఇంకేం సాక్ష్యం కావాలప్పా ఎండ ముదిరిందనేదానికి?" అన్నాడు బ్రోకరు. "వయసయింది, గుండె ఆగింది. చావులో కూడా నీ సోలారేనా?" అన్నాడు ఇటుకబట్టీ ఓనరు. గొంతులు లేచాయి. చొక్కాలు పట్టుకునేదాకా పోయింది. వదిన తడి జుట్టుతో బయటికి వచ్చి, "పురుగులు మేస్తా ఉండాయన్నా. రవ్వంత మెల్లిగా కొట్లాడుకోండి" అంది గుసగుసగా.

నాకు అంత ఓర్పు లేదు. ఇద్దరినీ రోడ్డుదాకా, షెడ్డుకు వినపడనంత దూరం తీసుకుపోయి అరిచాను. ఆమె బతికుండగా ఆమె మాట పూర్తిగా విన్నారా అని అడిగాను. చచ్చిపోయిన మనిషి దేనితో పోయిందో తేల్చటానికి మీరెవరని అడిగాను. ఇంకా ఏవేవో అన్నాను, అవి అచ్చు వేసేవి కావు. ఇద్దరూ ఒక్కటై "పాపకి బాధలో ఏం మాట్లాడతాందో తెలీడం లేదు" అని తేల్చేశారు. వాళ్ళిద్దరికీ ఒకే మాట మీద పొత్తు కుదరటం నేను చూసింది అప్పుడే.

మా వైపు కన్నీటి అంజలి ఫ్లెక్సు కట్టకపోతే చావు చావు కాదు. మర్నాటికి ఊరి మలుపులో రెండు వెలిశాయి. రెండింట్లోనూ గ్రామసభలో తీసిన ఒకటే ఫోటో, నోరు తెరిచి మాట్లాడుతున్న మా పెద్దమ్మ. ఒకదాని మీద తమిళంలో "సూర్యుడి కరెంటు రావాలన్న తల్లి." ఇంకోదాని మీద "మా బీడు మీద వద్దన్న తల్లి." తెలుగులో చెప్పిన మాట తమిళంలో వేశారని నాకు తగవు లేదు. ఆమె తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ తిట్టగలిగిన మనిషి. నా తగవంతా ఆ కోత మీదే. రెండు ఫ్లెక్సుల కిందా చేతులు జోడించిన పదిమంది ముఖాలు, ఆమె ముఖంకంటే పెద్దవి.

పోయిన వారం మళ్ళీ ఆ ఊరు పోయాను. వదిన కొత్త పంట పెట్టింది. పురుగులు నాలుగో జ్వరం లేచి మేస్తున్నాయి. ఆ మేత చప్పుడు విని పెద్దమ్మ అనే మాట గుర్తొచ్చింది, "మన ఊర్లో వాన చప్పుడు ఇంక ఈడే ఇనాల." చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి పోయి తల ఎత్తాను.

రెండు ఫ్లెక్సులనూ వదిన దబ్బనంతో కలిపి కుట్టి రేకుల కింద కట్టింది. కింద వరస ముఖాలన్నిటినీ కొడవలితో కోసి పారేసింది. మిగిలిన భాగం మాత్రం బొమ్మ కిందికి తిప్పి కట్టింది.

"ఏం వదినా, తిరగేసి కట్టినావు?" అన్నాను, మెల్లగానే.

"అత్త ఇంక ఎండకి కాగేది వద్దు. పురుగుల్ని చూసుకోనీ" అంది.

కుట్టు దగ్గర రెండు ముక్కలూ కలిశాయి. సూర్యుడి కరెంటు రావాలి, మా బీడు మీద వద్దు. ఇన్నాళ్ళకు పక్కపక్కన చదివాను. ముందు నా షెడ్డు మీద పెట్టండన్న మాటను మాత్రం ఏ జట్టూ అచ్చు వేయలేదు. అప్పటికి కరెంటు పోయి చాలాసేపయింది. కూలరు ఆగి ఉంది. ఫ్లెక్సు పైన రేకు, రేకు పైన ఉత్త ఎండ. కింద పురుగులు మేస్తున్నాయి, వాటి మీద ఇద్దరు పెద్దమ్మలు నోరు తెరిచి, మిగిలిన మాట ఇంకా చెబుతూనే ఉన్నారు.