కటుంగు తెచ్చిన టీకాలు

లుబేరో కొండల్లోని మా ఊరి ఆసుపత్రికి కటుంగు నర్సు. పేరుకే ఆసుపత్రి, ఉన్నవి రెండు గదులు, ఒక వరండా. నేనక్కడ ఊడుస్తాను, రిజిస్టరులో పేర్లు రాస్తాను. ఆమెను పందొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. తుపాకుల వాళ్లు వచ్చినప్పుడల్లా అందరం అడవిలోకి పారిపోయేవాళ్లం. అందరికంటే ముందు తిరిగొచ్చి తలుపు తీసేది మాత్రం ఆమే.

మొన్నటి వానల్లో వాళ్లు మళ్లీ వచ్చి మా పరుపులు పట్టుకెళ్లారు. టీకాలుంచే సోలార్ ఫ్రిజ్‌నూ మోసుకుపోయారు. టీకా సీసాల్ని గడ్డిలో పారేశారు. ఆ వారమే పక్క కొండ నుంచి కొన్ని కుటుంబాలు ప్రాణాలు దక్కించుకుని మా ఊరికి చేరాయి. వాళ్ల పిల్లలతో పాటు తట్టు కూడా వచ్చింది.

కటుంగు పట్నంలోని సహాయ సంస్థకు ఫోన్ చేసింది. పక్కనే ఉన్న నాకూ అంతా వినబడింది.

"సిస్టర్, మీ దారి ప్రమాదాల జాబితాలో ఉంది. మా బండి రాదు. పైగా ఈ ఏడు డబ్బంతా ఎబోలా పనికే. చేతులు కడుక్కోవడానికి మీకు నలభై బకెట్లు కేటాయించాం."

"పోయినసారి ఇచ్చినవే ఉన్నాయి నాయనా! వాటిలో మావాళ్లు అరటి కల్లు పులియబెట్టుకుంటున్నారు. నాకు టీకాలు కావాలి. పిల్లలు పోతున్నారు."

"అర్థమైంది సిస్టర్. ముందు ఫ్రిజ్ పోయినట్టు ఫారం నింపి పంపండి."

మర్నాడు పొద్దున్నే ఆమె కొండెక్కడం మొదలుపెట్టింది.

"ఎక్కడికక్కా?" అన్నాను.

"ఫారం నింపడానికి."

ఆ దారి తుపాకుల వాళ్ల మకాంకి పోతుంది. నేనూ వెనకే వెళ్లాను. వాళ్ల నాయకుడు కటెంబో పొరుగూరి వాడే. వాడికి పురుడు పోసింది కటుంగే. టార్పాలిన్ కింద మా ఫ్రిజ్ ఉంది, దాని నిండా బీరు సీసాలు.

"ఏరా కటెంబో, బీరు బాగా చల్లబడిందా?"

కుర్రాళ్లు తుపాకులెత్తారు. కటెంబో చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, ఇక్కడ నన్ను కమాండర్ అంటారు."

"అనుకోనీ. నీ కూతురికి ఎన్నేళ్లు?"

"రెండు."

"తట్టు టీకా వేయించావా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఎలా వేయిస్తావులే! మందు గడ్డిలో పారబోసి, బీరు భద్రంగా దాచుకున్నావుగా."

"మేం పోరాడేది మీ కోసమే కదమ్మా!"

"నా పరుపులెత్తుకెళ్లింది కూడా నా కోసమేనా?"

వెనకెవడో కిసుక్కున నవ్వి, వెంటనే మూతి బిగించుకున్నాడు. కటెంబో సిగ్గుతో తల దించుకున్నాడు. సీసాలు తీయించి, ఫ్రిజ్‌ను నలుగురి చేత మోయించి పంపాడు. పరుపులు మాత్రం ఇవ్వలేదు.

ఫ్రిజ్ దొరికిందని కటుంగు సంస్థకు చెప్పింది. ఎలా దొరికిందో కూడా చెప్పింది.

"అయ్యో సిస్టర్, సాయుధులతో బేరాలాడిన ఆసుపత్రికి మేం ఏమీ ఇవ్వకూడదు. నిబంధన."

ఆమె ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "వీళ్లకంటే వాడే నయం. కనీసం సిగ్గుపడ్డాడు."

వారం తిరక్కుండా అదే సంస్థలోని ఇంకో విభాగం నుంచి కబురొచ్చింది. హింసకు గురైనవాళ్లను ఓదార్చడంపై నర్సులకు పట్నంలో ఐదు రోజుల శిక్షణట. మా అడ్డరోడ్డు దాకా బండి పంపుతారట! టీకాలకు ప్రమాదమైన దారి పాఠాలకు కాలేదు. కటుంగు నోటికొచ్చినట్టు తిట్టింది. తిడుతూనే టీకాలు తెచ్చే చల్లపెట్టెను గుడ్డలో చుట్టుకుని బండెక్కింది.

మొదటిరోజు సంతకం పెట్టి, మిగతా రోజులన్నీ సర్కారు టీకాల గోదాము ముందు నిలబడింది. లోపలివాళ్లు విసిగిపోయి పెట్టె నింపి ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో డ్రైవరు అడిగాడట, "ఏముందమ్మా అందులో?" అని.

"ఓదార్పు," అందట.

మూడు రోజుల్లో రెండు వందల అరవై మందికి టీకాలు వేసింది. కటెంబో భార్య కూడా కూతుర్నెత్తుకుని వరసలో నిలబడింది. నెల తిరిగేసరికి తట్టు తగ్గింది.

అప్పటికే తొమ్మిదిమంది పోయారు. వాళ్లలో మా చెల్లెలి కొడుకు కసెరెకా ఒకడు. మూడేళ్లవాడు. రిజిస్టరులో వాడి పేరు రాయడానికి నాకు చెయ్యాడలేదు. కటుంగు నా చేతిలోంచి కలం లాక్కుని తనే రాసింది. "రెండు వారాల ముందు తెచ్చి ఉంటే," అని గట్టిగా అరిచింది, గోడ మీద అరిచినట్టు. ఆ తర్వాత మొహం తుడుచుకుని, వరండాలో కూర్చున్నవాళ్లను లోపలికి పిలిచింది.