గిర్ని షట్టరు దించిన మధ్యాహ్నం

మా ఆయనకు బదిలీ అయి అచ్చంపేట నుంచి గద్వాలకు వచ్చినప్పుడు ఆ ఊళ్లో నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. ఆయన పొద్దున పోతే పొద్దుగూకాకే రావడం. పగలంతా గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. నన్ను మనుషుల్లో కలిపింది మా వీధిలోని పిండి గిర్ని.

దాన్ని నడిపేది భర్త పోయిన ఒక ముస్లిం ఆవిడ. చిన్నా పెద్దా అందరికీ ఆమె ఖాలా, అంటే పిన్ని. ఎండ తగ్గుతుంటే ఆడవాళ్లు డబ్బాల్లో జొన్నలు పోసుకుని వచ్చేవాళ్లు. వంతు వచ్చేదాకా గిర్ని ముందున్న అరుగు మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. పిండి పట్టించుకున్నాక కూడా ఎవరూ తొందరగా లేచేవాళ్లు కాదు.

మా పక్కింటావిడ మగ్గం నేసేది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. మా పుట్టింట్లో మూడు పూటలా అన్నమే కాబట్టి నాకు రొట్టె తట్టడం రాదు. "గట్ల గాదు చెల్లె, మసిలే నీళ్లు పొయ్యాలె. చేతికి జర తడి పెట్టుకో," అంటూ నా చేతులు పట్టుకుని నేర్పింది ఆమే. నాకు డెంగీ వచ్చి దవాఖానలో పడితే ఆ అరుగు మీది ఆడవాళ్లే వంతులు వేసుకుని నా మంచం పక్కన కూర్చున్నారు. అక్క నా చిక్కులు తీసి జడ వేసింది. ఇక ఈ ఊళ్లో నాకేం దిగులు లేదనుకున్నాను.

ఆ ఎండాకాలం ఫోన్లలో ఒక మాట తిరగడం మొదలైంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని, ముసలివాళ్లలా, అడుక్కునేవాళ్లలా వస్తోందని ఎవరిదో మగగొంతు వణుకుతూ చెప్పేది. అరుగు మీద అందరం తలలు దగ్గరికి చేర్చి విన్నాం.

"ఎవలన్న కండ్లతోని చూసిండ్రా?" అని అడిగింది ఖాలా.

"చూసేదాంక ఆగాల్నా?" అంది అక్క. ఆమెకు నాలుగేళ్ల మనవరాలు ఉంది.

అప్పటి నుంచి అరుగు మీద మాటలు మారిపోయాయి. గాజులమ్మే ఆమెను వీధి మొదట్లోనే ఆపి వెనక్కి పంపారు. మగవాళ్లు కర్రలు తెచ్చి గోడకు ఆనించి పెట్టారు. ఒకరోజు నేను కూర్చోబోతుంటే ఒకావిడ అంది, "మీ అచ్చంపేట అడివి దిక్కు గదా? వాళ్లు ఆడికెల్లే వస్తుండ్రంట." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం వంట చేస్తున్నా ఆ మాటే చెవుల్లో తిరిగింది.

ఒక మధ్యాహ్నం వీధిలో ఎవరూ లేనప్పుడు జొన్నలు పట్టించడానికి వెళ్లాను. సంచి పట్టుకుని ఒక ముసలమ్మ వచ్చి అరుగు మీద కూలబడింది. "అవ్వా, స్వల్ప నీరు కొడు," అంది. ఖాలా చెంబుతో నీళ్లిచ్చింది. సగం కన్నడం, సగం తెలుగులో ముసలమ్మ చెప్పింది. రాయచూరు దిక్కు నుంచి వచ్చిందట. కూతురికి ఇక్కడే కాన్పయిందట. అల్లుడు బస్టాండుకు వస్తానన్నాడు కానీ తన ఫోన్ ఆరిపోయిందట. అందుకే ఇల్లు వెతుక్కుంటూ నడిచిందట.

ఇంతలో అక్క మనవరాలు ఆడుకుంటూ అటు వచ్చింది. ముసలమ్మ నవ్వి, దాని బుగ్గలు నిమిరి, మెటికలు విరిచింది.

అక్క తన గడపలో నిలబడి చూసింది. నేను అలాంటి అరుపు అంతకుముందు వినలేదు.

రెప్పపాటులో వీధి నిండిపోయింది. ఎవరో సంచి లాక్కుని గుమ్మరించారు. బెల్లం, సొంటి, వాటి మధ్య కొత్త పసిబట్టలు. "చూడుండ్రి, పిల్లల బట్టలు!" అని ఒకడు కేక వేశాడు. ముసలమ్మ చేతులు జోడించి కన్నడంలో ఏదో చెప్పబోయింది. ఆ భాష వినేసరికి గుంపు ఇంకా రెచ్చిపోయింది. ఒకరు ఆమె జుట్టు పట్టుకున్నారు. ఫోన్లు పైకి లేచాయి.

ఖాలా మధ్యలోకి దూరి ముసలమ్మను రెక్క పట్టి లోపలికి గుంజింది. "షట్టర్ గుంజు!" అంది నాతో. ఇద్దరం కలిసి కిందికి దించాం.

లోపల చీకటి, వేడి పిండి వాసన. ఖాలా మిషన్ ఆపేసింది. అప్పుడు బయటి గొంతులన్నీ స్పష్టంగా వినిపించాయి. ఒక్కో గొంతూ నాకు తెలిసిందే. దవాఖానలో నాకు జావ తాగించినామె, "తీస్తరా, పలగ్గొట్టాల్నా?" అంటోంది.

తర్వాత అక్క గొంతు, ఎప్పటిలాగే మెత్తగా. "చెల్లె, నువ్వు బయటికి రా. నీకేం గాదు. దాన్నొక్కదాన్నే మాకు ఇడ్సిపెట్టు."

"అక్కా, బాలింత కోసం సొంటి తెచ్చుకుంది. కూతురింటికొచ్చింది," అన్నాను.

షట్టరు మీద పెద్ద రాయి పడింది.

ముసలమ్మ నా చీర కొంగు పట్టుకుని వదలడం లేదు. ఖాలా తన చార్జర్‌ను ఆమె చిన్న ఫోన్‌కు పెట్టింది. అది వెలగగానే మోగింది. అల్లుడే. "బాబూ, మీ అత్త మా గిర్నిల ఉంది. జల్ది రా. ఒక్కనివి రాకు, పోలీసోళ్లను తోల్కరా," అంది ఖాలా. వాళ్లు వచ్చేదాకా షట్టరు మోగుతూనే ఉంది.

జీపు చప్పుడుకు గుంపు పక్కకు జరిగింది. ముసలమ్మను ఎక్కిస్తుంటే ఎవరో బెల్లం ముక్కలు ఏరి సంచిలో వేసిచ్చారు.

మర్నాడు అక్క డబ్బా పట్టుకుని మామూలుగానే వచ్చింది. "మస్తు భయమైంది చెల్లె. నీకు పిల్లలు లేరు, నీకు తెల్వదు," అంది. ఖాలా మాత్రం షట్టరుకు లోపలి వైపు కొత్త గొళ్లెం వేయించింది.

కొన్నాళ్లకు ఆ ముసలమ్మ కూతురు పిండి పట్టించుకోవడానికి వచ్చింది. అమ్మ ఎట్లుందని ఖాలా అడిగితే, "మళ్ల ఈ ఊరికి రానంటది. పిల్లను ఫోన్లనే చూస్తది," అంది. అరుగు మీద ఆడవాళ్లు జరిగి ఆమెకు చోటిచ్చారు. అక్క, "కూసో బిడ్డా," అంది.

ఆమె కూర్చోలేదు. పసిబిడ్డను రెండు చేతులా రొమ్ముకు అదుముకుని, తన పిండి అయ్యేదాకా వీధి వైపు తిరిగి నిలబడే ఉంది.