పోగు తెగితే ఆపాలె

కోరుట్లలోని ఒక డయాలసిస్ కేంద్రం కంప్యూటర్‌ను నాలుగేళ్లుగా సిరిసిల్ల నుంచే కాపాడుతున్నది ఊర్మిల. అక్కడికి వెళ్లే నివేదికల మీద మాత్రం ఆమె పేరు ఉండదు. "ఇంట్ల కూసొని ఓ ఆడపిల్ల చేస్తున్నదంటే వాళ్లు నమ్మరమ్మా. హైదరాబాద్ ఇంజనీర్ అని రాద్దాం" అన్నాడు ఆమె కంపెనీ యజమాని ఆనంద్. ఊర్మిల సరేనంది. తండ్రికి మగ్గం మీద పని దొరకని నెలల్లో పొయ్యి వెలిగేది ఆ జీతంతోనే. నోరెట్లా లేస్తుంది?

ఏ రోగి బరువెంత, ఎవరికి ఏ మందు పడదు, అన్నీ ఆ కంప్యూటర్లోనే. బయటివాళ్లు చొరబడకుండా కేంద్రం వాళ్లు నెట్‌కు గట్టి కాపలా పెట్టారు. అది మంచిదే. లోపల ఒక మనిషి కూర్చుని, తెర మీది తొమ్మిది అంకెలు ఫోన్లో చదివి, సరేనని నొక్కితేనే ఊర్మిలకు దారి. రోగులు వచ్చేది ఎనిమిదికి, గుమస్తా వచ్చేది పదికి. "పొద్దుగాల సమ్మవ్వ ఉంటది గద, గామెతోని చేయించుకోండ్రి" అని మేనేజర్ సతీశ్ నోటిమాటగా చెప్పాడు.

సమ్మవ్వ అక్కడ ఊడ్చి తుడిచే మనిషి. ఒకప్పుడు సిరిసిల్లలోనే సాంచల మీద పనిచేసింది. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు.

"కింద ఆకుపచ్చది నొక్కు పెద్దమ్మా."

"నొక్కిన బిడ్డా. నీ పెండ్లి పప్పన్నం ఎన్నడు పెడ్తవో గది గూడ చూపిస్తదా గీ డబ్బా?"

ఇట్లా నవ్వుకుంటూనే పని కానిచ్చేవాళ్లు.

ఒక సోమవారం పొద్దున ఊర్మిల రోగుల పట్టిక సరిచేస్తుండగా సిరిసిల్లలో కరెంటు పోయింది. లైను తెగింది. వెంటనే ఫోన్ మోగింది.

"పోగు తెగినట్టుంది బిడ్డా. మిషన్ బంద్ చేసిన."

పోగు తెగితే సాంచ ఆపాలె, ఆపకుంటే బట్ట ఖరాబు. సమ్మవ్వ చేతులు ముప్పై ఏళ్లు నేర్చుకున్న పాఠం అది. ఇక్కడ ఆపకుండా వదిలేస్తే పని దానంతటదే ముగిసేది. ఆపేసరికి ఇరవై ఇద్దరి వివరాలు సగంలో చెడిపోయాయి.

సమ్మవ్వతో మిషన్ మళ్లీ ఆన్ చేయించి, ఫోన్ నెట్‌తో లోపలికి వెళ్లి, ముందురోజు దాచిన నకలుతో ఒక్కో పేరూ సరిచూసేసరికి తొమ్మిదయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ రోగులు గంటసేపు బల్లల మీదే కూర్చున్నారు.

సంగతి తెలిసి సతీశ్ కేంద్రంలోని వాళ్ల మీద మండిపడ్డాడు. "ఊడ్శేదాని చేతికి కంప్యూటర్ ఎవడిచ్చిండు? రేపటి సంది రావద్దని చెప్పుండ్రి!"

ఆ మాట విని ఆనంద్‌కు ఊపిరొచ్చింది. ఊర్మిలకు ఫోన్ చేశాడు. "నువ్వు బతికిపోయినవ్ పో. తప్పు వాళ్ల మనిషిదని రాసి పంపు."

ఊర్మిల ఇట్లా రాసింది: "లైను పోతే మిషన్ ఆపవద్దని సమ్మవ్వకు నేను చెప్పలేదు. తప్పు నాది. ఆమెతో చేయించుకోమన్నది మేనేజర్ గారే." కింద తన పేరు పెట్టి ఆనంద్‌కూ సతీశ్‌కూ పంపింది.

"కొలువు మీదికి తెచ్చుకున్నవ్" అన్నాడు ఆనంద్.

"తెచ్చుకున్న సార్. రాసిన దాంట్ల అబద్ధమేమన్న ఉన్నదా?"

నెల దాటింది. సమ్మవ్వను ఇంకా కేంద్రం గడప తొక్కనివ్వలేదు. ఇట్లాంటి సమ్మవ్వలు మీ ఊరి ఆసుపత్రిలోనూ ఉంటారు. ఉన్నట్టుండి ఒకామె కనబడకపోతే ఊరుకోకండి. వైద్యానికి వచ్చేవాళ్ల మాటకు మేనేజర్లు జంకుతారు. నలుగురు కలిసి వెళ్లి, ఆమె చెప్పేది విన్నారా అని అడగండి. తిరిగి పిలిచేదాకా అడుగుతూనే ఉండండి.