మూతి పెట్టి తాగమన్నాను

కటుక్కుమని చిన్న చప్పుడైంది. బల్ల మీద అప్పడాలున్నాయి కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నా నాలుగేళ్ల కొడుకు చేతిలో అప్పడం లేదని నాకు తెలుసు. వాడి చేతిలో ఉన్నది వైన్ గ్లాసు. దాని అంచున నెలవంకలాంటి ముక్క లేదు. వాడు నోరు మూసుకుని నా వంకే చూస్తున్నాడు.

ఆ గ్లాసులు కొన్నది నేనే. స్టీలు ప్లాంటులో మావారి పై అధికారి, ఆయన భార్య భోజనానికి వస్తామన్నారు. విదేశంలో శిక్షణ ముగించుకుని వచ్చిన మనుషులు, వైన్ సీసా వాళ్లే తెస్తారట. మా ఇంట్లో ఉన్నవన్నీ స్టీలు గ్లాసులు. డిగ్రీ చదివాను గానీ వైన్ గ్లాసు ఎలా ఉండాలో నాకెవరు చెప్పారు? ఓడల్లోంచి దిగిన సామాను అమ్మే కొట్టు వన్‌టౌన్‌లో ఉంటే వెళ్లాను. కొట్టు సాయిబు గారు రెండు రకాలు చూపించారు. కాడ పట్టుకోవాలని, సగానికి మించి పోయకూడదని చెప్పి, చివర్న అడిగారు.

"పిల్లలున్న ఇల్లేటమ్మా? అయితే ఆ మందం గ్లాసులే అట్టుకెళ్లు."

మందం గ్లాసులు సోడా బండి మీది గ్లాసుల్లా కనిపించాయి. పల్చటివాటిని గోటితో మీటితే సన్నగా మోగాయి. పిల్లలు వీటిని ముట్టుకోరని చెప్పి, అవే ఆరు కొన్నాను.

తీరా వాళ్లు భోజనానికి వచ్చిన ఆదివారం, పిల్లలకూ అవే గ్లాసుల్లో ద్రాక్షరసం పోద్దామని అధికారి భార్య ముచ్చటపడింది. కాదనలేకపోయాను. మా ఇంట్లో గ్లాసు ఎంగిలి చెయ్యం, ఎత్తి నోట్లో పోసుకుంటాం. ఏడేళ్ల మా అమ్మాయి అలాగే ఎత్తబోయింది. కింద ఉబ్బి పైన ముడుచుకున్న గ్లాసు అది. రసం ధారగా రాక గౌను మీదికి ఒలికింది. ఆవిడ నవ్వింది. మంచి నవ్వే. అయినా నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లల దగ్గరికి వంగి, ఈ ఒక్క పూటకీ మూతి పెట్టి తాగండని గుసగుసగా చెప్పాను. చిన్నవాడికి మూతి పెట్టడం ఎప్పుడూ అలవాటు లేదు. చెరకు ముక్కను పట్టుకున్నట్టు అంచును పళ్లతో పట్టుకున్నాడు.

వాడి నోట్లో వేలు పెట్టి రెండు ముక్కలు తీశాను. నెత్తురు లేదు. ముక్కలను గ్లాసు అంచుకు ఆనించి చూస్తే బియ్యపు గింజంత ఖాళీ మిగిలింది. మింగావా అంటే తల అడ్డంగా ఊపాడు, కాసేపటికి నిలువుగా ఊపాడు. మావారు టార్చి పట్టుకుని బల్ల కింద దూరారు. అధికారి కూడా ఇస్త్రీ పాంటుతోనే మోకాళ్ల మీద వెతికారు. చివరికి ఆవిడే, వాడి చొక్కా విప్పుతుంటే, తడిసిన కాలరుకు అంటుకున్న ముక్కను చూసింది. అంచుకు పెడితే సరిపోయింది.

వాడు అప్పుడు ఏడ్చాడు.

"నువ్వే కదమ్మా మూతెట్టి తాగమన్నావు," అన్నాడు.

వాళ్లు వెళ్లాక ఆ మాటే చెవుల్లో ఉండిపోయింది. ఆవిడ నవ్వుకు భయపడినంతగా ఆ పల్చటి అంచుకు భయపడలేదు నేను.

పొద్దున్న పాల గ్లాసులు ముందు పెట్టుకుని, ఎలా తాగాలో తెలియక పిల్లలిద్దరూ నా మొహం చూశారు.

"నిన్న నాను తప్పు చెప్పీసాను," అన్నాను. "మీకు తెలీని పని సెయ్యమంటే, ఎవరి ముందైనా సరే, నాకు రాదని చెప్పండి. నాను చెప్పినా సరే."