ఆదివారం ప్రాక్టీసు

శ్రీరాంపూర్‌లో, బొగ్గుగనుల దగ్గరి బడిలో నేను ఆటల మాస్టారుగా ఉన్నప్పుడు, ఖోఖో జట్టులో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. బక్కపలచని పిల్ల. ఆమెను పట్టుకోవడానికి పదో తరగతి వాళ్లకు కూడా తలప్రాణం తోకకొచ్చేది. జిల్లా జట్టుకు పోవడం ఖాయమని స్టాఫ్‌రూములో అందరికీ చెప్పుకు తిరిగాను. ఆమె వల్ల నాకూ పేరొస్తుందన్న ఆశ లేదని బొంకను.

ఎంపికలు దగ్గరపడ్డాయని ఆదివారం పొద్దున ప్రాక్టీసు పెట్టాను. మొదటి వారం ఆమె రానేలేదు. రెండో వారం పన్నెండు కావస్తుంటే చర్చి నుంచి నేరుగా పరుగెత్తుకొచ్చింది. అప్పటికే మిగతావాళ్లు ఇళ్లకు బయలుదేరుతున్నారు. నాకు ఒళ్లు మండింది. అందరి ముందూ కడిగేశాను.

"ఆటంటే ఇష్టం లేనోళ్లు ఇంట్ల కూసోవచ్చు."

తల వంచుకుని నిలబడింది గానీ ఏడవలేదు.

మర్నాడు కూలిపని మానుకుని వాళ్లమ్మ వచ్చింది. వాళ్లది మెథడిస్టు కుటుంబం. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

"ఆరాధన అయ్యేసరికి పదకొండున్నర అయితది సార్. గప్పుడు తోలిస్త. లేకుంటే జర శనివారం సాయంత్రం పెట్టుండ్రి. పొద్దుగూకేదాంక ఉంచుకున్నా ఏమనం."

"శనివారం నాకు వీలుకాదమ్మా."

"ఎరుకే సార్. మీరు ధర్మపురి పోతరు గదా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉద్యోగం వస్తే ప్రతి శనివారం నరసింహస్వామి దర్శనం చేసుకుంటానని మొక్కుకున్నాను. బడి వదలగానే బస్సెక్కేవాణ్ణి. హెడ్మాస్టరు కూడా ఆ పూట నాకు ఏ పనీ పెట్టేవారు కాదు. నా శనివారాన్ని అందరూ మన్నించారు. ఆ పిల్ల ఆదివారం మాత్రం నా కంటికి సాకులా కనిపించింది. ఇవాళ రాస్తుంటే సిగ్గేస్తోంది. ఆ రోజు మాత్రం రోషమే వచ్చింది. ఒక్కదాని కోసం జట్టంతా మారదని చెప్పి ఆ తల్లిని పంపేశాను.

ఎంపికలకు ఆ పిల్ల పేరు పంపలేదు. రిజిస్టరులో కారణం రాయాల్సిన చోట 'ఆసక్తి లేదు' అని రాశాను. ఆ తర్వాత ఆటల పీరియడులో కూడా ఆమె తరగతి గది దాటి బయటికి రాలేదు.

కొన్నేళ్లకు ఆమె చెల్లెలు ఆరో తరగతిలో చేరింది. అదే పరుగు. అప్పటికి నాకు కాస్త బుద్ధొచ్చి, ప్రాక్టీసు శనివారానికి తెచ్చి, దర్శనం ఆదివారానికి మార్చుకున్నాను. చిన్నది నెలరోజులు వచ్చి మానేసింది. ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాను. అక్క గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. బట్టల షాపులో పనికి కుదిరిందట.

"చెల్లె ఎందుకు వస్తలేదమ్మా?"

"నేనే వద్దన్న సార్."

"ఇప్పుడు ఆదివారం లేదు గదా. శనివారమే పెడుతున్న."

"చెప్పింది సార్. కని అది నిద్రల గూడ ఆటే కలవరిస్తున్నది. నేను గూడ గట్లనే ఉంటుంటి. ఇంకింత ఇష్టమైనంక ఇడవాలంటే పానం పోయినట్టయితది. గందుకే ఇప్పుడే ఇడిపిచ్చిన."

"తప్పు నాదే బిడ్డా" అన్నాను.

ఆమె కాదనలేదు. నాకు కుర్చీ వేసి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.