డెబ్బై మిల్లీమీటర్ల షెల్

కరోనా తర్వాత బడులు మళ్లీ తెరిచిన ఏడాది జూన్‌లో, తిరుపతి బస్టాండు వెనక ఒక సైకిల్ వర్క్‌షాపులో అసిస్టెంట్ ఫిట్టర్‌గా చేరాను. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి నెల కూడా కాలేదు. అక్కడ హోదాలు మూడే: మేస్త్రి, ఫిట్టర్, అసిస్టెంట్. ఫిట్టర్ మానేసి వెళ్లిపోవడంతో మునిరత్నం మేస్త్రి తర్వాత నేనే అయ్యాను. రెండున్నరేళ్లు చేశాను. ఇప్పుడు పలమనేరు దగ్గర ఒక పాల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నాను. ఆ పాత పని గురించి ఎవరడిగినా ముందు గుర్తొచ్చేది ఒక నీలం సైకిల్.

దాన్ని తెచ్చింది వెంకటముని సార్. పూతలపట్టు హైస్కూల్లో డ్రిల్లు సారుగా రిటైరైనాయన. టమాటా వ్యానులో సైకిల్ వేసుకొని, కుంటుతూ దిగాడు. అది ఫిక్స్‌డ్ గేర్ సైకిల్. మామూలు సైకిల్లో తొక్కడం ఆపినా చక్రం తిరుగుతుంది, వెనక ఫ్రీవీల్ ఉంటుంది కాబట్టి. ఇందులో ఫ్రీవీల్ లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడలూ, దాంతోపాటు కాలూ తిరగాల్సిందే. వేగం తగ్గాలంటే పెడల్‌ను వెనక్కి అదిమిపట్టాలి. అందువల్ల పెడళ్లను మోసే క్రాంకుల మీద, వాటి ఇరుసును మోసే బాటమ్ బ్రాకెట్ మీద బలం ముందుకూ వెనక్కూ పడుతుంది. దాన్ని మేం బీబీ అంటాం. ఫ్రేమ్ అడుగున అడ్డంగా ఉండే పొట్టి గొట్టం షెల్. దానికి రెండు పక్కలా మరలతో బిగిసే కప్పులు, కప్పుల నడుమ ఇరుసు.

సార్ సమస్యను రెండు ముక్కల్లో చెప్పాడు. “తొక్కినప్పుడంతా టక్కు టక్కు అంటాండాదప్పా. ఇంగ పద్దెనిమిది దినాల్లో నా మోకాలు కోస్తారు. కోసినాక దీన్ని ముట్టుకోవద్దన్న్యాడు డాక్టరు. ఆ లోపల యూనివర్సిటీ గ్రౌండులో పది రౌండ్లు తిరగల్ల.”

కుర్రతనంలో ఎక్కడో శిక్షణ శిబిరంలో ఒక విదేశీ కోచ్ దగ్గర ఆ ఫ్రేమ్ సంపాదించాడట. ఎన్నోసార్లు రంగు వేయించడంతో దాని మీద పేరూ ఊరూ మిగల్లేదు. పది రౌండ్లే ఎందుకని నేను అడగలేదు.

ఆ రోజు మేస్త్రి బంధువుల పెళ్లికి పలమనేరు వెళ్లాడు. పని నా చేతికొచ్చింది. చేరిన కొత్తలోనే నేను బీబీ పనికి పద్నాలుగు అంశాల పట్టిక తయారుచేసి, లామినేషన్ చేయించి బల్ల మీద గోడకు తగిలించాను. మేస్త్రి దాన్ని చూసి, “కాగితం బాగుండాది ఇంజినీరూ, దానికి పానా పట్టడం గూడా నేర్పించు” అని నవ్వాడు. మొదటి అంశం: షెల్ వెడల్పు కొలవాలి. అంతవరకూ మా దగ్గరికొచ్చిన ప్రతి షెల్ అరవై ఎనిమిది మిల్లీమీటర్లే. ఆ రకానికి కుడి కప్పు ఎడమ మర, అంటే ఊడదీయాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. నేను మార్కర్‌తో మొదటి గడిలో టిక్కు పెట్టాను. వెడల్పు కొలిచే వెర్నియర్ డ్రాయర్లోనే ఉంది.

క్రాంకులు, ఎడమ కప్పు, ఇరుసు సాఫీగా వచ్చేశాయి. కుడి కప్పుకు పానా వేసి ముల్లు వైపు తిప్పాను. పావు చుట్టు సులువుగా తిరిగింది. వదులవుతోందనుకున్నాను. తర్వాత బిగుసుకుంది. తుప్పు పట్టి ఉంటుందని నూనె వేసి, పానా పిడికి రెండడుగుల పైపు తొడిగి, ఒళ్లంతా దాని మీద మోపాను. ఒక్కసారిగా చెయ్యి తేలిపోయింది. కప్పు అటూ ఇటూ ఉత్తగా తిరగసాగింది. షెల్ లోపలి మరలు కోసుకుపోయాయి.

మరునాడు మేస్త్రి వచ్చి షెల్‌లోకి టార్చి వేశాడు. కప్పు అంచు దాటి మిగిలిన రెండు మూడు మరలు ఎటు వాలి ఉన్నాయో చూశాడు. “ఇది రెండు పక్కలా కుడి మరే గదబ్బా” అన్నాడు. డ్రాయర్లోంచి వెర్నియర్ తీసి నా చేతికిచ్చాడు. కొలిచాను. డెబ్బై. ఆ రకంలో కుడి కప్పు కూడా ముల్లు వైపు తిప్పితే బిగుస్తుంది. సార్ విన్న టక్కు టక్కు కుడి కప్పు కాస్త వదులవడం వల్ల వచ్చింది. ముల్లు వైపే, చేతి బలంతో బిగించి ఉంటే పని అయిపోయేది. నేను సరైన వైపే తిప్పాను, పావు చుట్టు దగ్గర ఆగలేదు.

సార్‌కు ఫోన్ చేసి చెప్పాల్సింది నేనేనని మేస్త్రి అన్నాడు. చెప్పాను. ఆయన బస్సెక్కి వచ్చాడు. షెల్‌లో వేలు పెట్టి చుట్టూ తడిమి చూశాడు.

“ఇటలీదప్పా ఇది. అడిగింటే చెప్పుందు గదా.”



మరలు పోయిన షెల్‌కు మర అక్కర్లేని బీబీ ఒకటి దొరుకుతుంది. రెండు పక్కలనుంచి దూర్చిన తొడుగులు లోపల ఒకదాన్నొకటి పట్టుకొని బిగుసుకుంటాయి. డెబ్బై కొలతకు బెంగళూరులో ఆర్డరిచ్చాం. పది రోజులన్నారు, ఇరవై నాలుగు పట్టింది. ఆపరేషన్ తేదీ కోసం సార్ నాలుగు నెలలు కాచుకున్నాడు, దాన్ని మార్చే వీల్లేదు. ఆయన పది రౌండ్లు తొక్కకుండానే ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాడు.

సామాను వచ్చాక బిగించడం వృథా అనిపించింది. సార్ ఇంటినుంచి కబురు పంపాడు, బిగించి పెట్టమని. మేస్త్రి స్టూలు మీద కూర్చున్నాడు, ఏదీ ముట్టుకోలేదు. నేను ప్రతి కొలతా పైకి చదివాను. షెల్ డెబ్బై. ఫ్రేమ్ నడుమనుంచి ముందు పళ్లచక్రం దూరం నలభై రెండు, వెనక పళ్లచక్రం దూరం నలభై రెండు. ఈ రెండూ కలవకపోతే గొలుసు వంకరగా పోయి జారుతుంది. క్రాంకు చదరపు రంధ్రాన్ని, ఇరుసు కొనను పొడి గుడ్డతో తుడిచాను. ఫిక్స్‌డ్ గేర్‌లో క్రాంకు వెంట్రుకవాసి వదులున్నా, ముందుకూ వెనక్కూ పడే బలానికి ఆ చదరం అరిగి గుండ్రమవుతుంది. బోల్టులు బిగుతు కొలిచే టార్క్ రెంచితో నలభై న్యూటన్ మీటర్లకు బిగించాను.

ఆపరేషన్ అయిన ఆరు వారాలకు, సైకిల్ అక్కడికే తెమ్మని నాకు ఫోన్ చేసి, సార్ వాకర్‌తో ఆటోలో యూనివర్సిటీ గ్రౌండుకు వచ్చాడు. ఉదయం ఏడు గంటలు. సైకిల్ తీసుకుపోవడానికే వచ్చాడనుకున్నాను.

“ఎక్కప్పా” అన్నాడు. “నువ్వు తొక్కు, నేను సూస్తా.”

నేనెప్పుడూ ఆ రకం తొక్కలేదన్నాను.

“తెలుసు. మేకపిల్ల మాదిరి ఎగరొద్దు. కాలు మాత్రం ఆపాకు, ఆపితే ఎత్తి పారేస్తాది.”

మొదటి మలుపులోనే అలవాటు కొద్దీ తొక్కడం ఆపాను. పెడల్ నా కాలిని ఎత్తుకుపోయింది. పడబోయి నిలదొక్కుకున్నాను. దూరంనుంచి సార్ నవ్వు వినిపించింది. మూడో రౌండుకు కాళ్లు దారికొచ్చాయి. చక్రం, గొలుసు, క్రాంకు, నా మోకాలు అన్నీ ఒకే కదలికగా మారాయి. నేను బిగించిన ఇరుసు అరికాళ్ల కింద నిశ్శబ్దంగా తిరగడం తెలుస్తూనే ఉంది. ఏడో రౌండులో సార్ పక్కగా పోతూ చూశాను. వాకర్ పట్టుకొని నిల్చున్న ఆయన ఆపరేషన్ కాని కాలి మడమ, నా పెడల్ లయకే లేస్తూ దిగుతూ ఉంది.

పది పూర్తి చేసి దిగాను. “టక్కుమంటాండాదా?” అని అడిగాడు.

“లేదు సార్.”

“ఈడికి వినపడలా. అందుకే అడిగినా.” సీటు మీద చెయ్యి వేశాడు. “ఇంగొక్క రౌండు పో” అన్నాడు.

వెళ్లాను.

ఆ సైకిల్ ఇప్పుడు పూతలపట్టులో ఆయన వరండాలో ఉంది. మొదటి సవారీ తర్వాత బోల్టులు మళ్లీ చూడాలి కాబట్టి ఒకసారి వెళ్లి చూసొచ్చాను. ఆ తర్వాత వెళ్లడానికి పని కారణమేదీ దొరకలేదు. ఫ్యాక్టరీలో నా పంపులన్నీ తెర మీద ఆకుపచ్చ చుక్కలుగా కనిపిస్తాయి. అరికాళ్లకు తెలిసేదేమీ లేదు. పలమనేరు చల్లటి ఉదయాల్లో ఎవరైనా సైకిల్ మీద పోతుంటే, ముందు వాళ్ల ముఖం కాదు, క్రాంకు చూస్తాను.

ఆ సంఘటన నాకు నేర్పింది చిన్న విషయం. ఇక్కడ కూడా పనుల పట్టికలు నేనే తయారుచేస్తాను. టిక్కు పెట్టే గడి ఎక్కడా ఉంచను, అంకె రాసే గడి ఉంచుతాను. టిక్కు పెట్టడానికి వెర్నియర్ అక్కర్లేదు.